గ్లోబు టీచరు సంగీతం క్లాసు

ఆవిడ ఆరో క్లాసులో ఉన్నప్పుడు స్కూలు వార్షికోత్సవానికి పిల్లలందరి చేతా ఒక పాట పాడించారు. ఆవిణ్ణి రెండో వరసలో నిలబెట్టారు. కొన్నాళ్ళు ప్రాక్టీసు నడిచాక పాట నేర్పే టీచరు దగ్గరికొచ్చి, బుగ్గ నిమిరి, "నువ్వు పెదాలు కదుపు తల్లీ, చాలు. గొంతు కలపకు," అంది. తిట్టినట్టు కాదు, ముద్దుగానే చెప్పింది. తిట్టి ఉంటే సాయంత్రానికి మర్చిపోయేదేమో. ముద్దుగా చెప్పిన మాట కాబట్టి లోపలికి దిగి పీట వేసుక్కూర్చుంది. ఆ తర్వాత పదిమంది కలిసి పాడే చోటల్లా ఆవిడ పెదాలు కదుపుతూనే పెద్దదైంది, ఉద్యోగంలో చేరింది, పెళ్ళి చేసుకుంది. కట్టుకున్నవాడిక్కూడా ఈ సంగతి తెలియదు. తన భార్య మరీ మెల్లగా పాడుతుందనుకునేవాడు.

మాట్లాడటానికి మాత్రం ఆ గొంతుకి ఏ లోటూ లేదు. ఆవిడ హైస్కూల్లో భూగోళం చెప్పేది. మేడ మీద గదిలో గాలుల పాఠం చెబుతుంటే కింద ఆఫీసు గదిలో గుమాస్తాకి ఏ గాలి ఎటు వీస్తుందో కంఠతా వచ్చేసింది. ఒక క్లాసు నుంచి ఇంకో క్లాసుకి వెళ్ళేటప్పుడు చంకన బిందె పెట్టుకున్నట్టు గ్లోబు పెట్టుకుని నడిచేది. అందుకని పిల్లలు గ్లోబు టీచరని పేరు పెట్టారు. ఆ గ్లోబుకి ఒక పక్క పెద్ద సొట్ట ఉంది. సొట్ట పడింది సముద్రంలో కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదని ఆవిడ అనేది.

నది పాఠం వచ్చిందంటే పుస్తకాలు మూయించేది. పిల్లల్ని స్కూలు వెనక మట్టిదిబ్బ దగ్గరికి తోలుకెళ్ళి, బకెట్టుతో పైనుంచి నీళ్ళు పోయించి, నీళ్ళు ఎక్కడ మట్టిని కోశాయో, ఎక్కడ తెచ్చి పోశాయో చూపించమనేది. గుండ్రటి భూమిని చదునైన పటంగా గీస్తే ఎందుకు తప్పుతుందో చెప్పడానికి నారింజ తొక్కని బల్ల మీద పెట్టి అరచేత్తో అణిచేది. తొక్క చీలేది. "చూశారుగా, పటం అబద్ధం చెప్పక తప్పదు. ఎక్కడ చెబుతోందో కనిపెట్టడమే మన పని," అనేది.

పరీక్షల ముందు పునశ్చరణకి పాఠానికి ఒక్కటే కాగితం ఇచ్చేది. అందులో సగం ఖాళీ. నది పేరుండదు, నది ఉంటుంది. పంట పేరుంటుంది, ఎందుకు పండుతుందో ఉండదు. మిగతా టీచర్ల కాగితాలు నిండుకుండల్లా ఉండేవి. మాకూ అలా ఇవ్వమని పిల్లలు గొణిగితే, అన్నీ నేనే రాసేస్తే మీ బుర్రలు అద్దెకిచ్చుకుంటారా అని అడిగేది. ఆ కాగితాలన్నీ బస్టాపు పక్కనున్న భర్త జిరాక్స్ షాపులోనే పుట్టేవి. ఆయన మంచి మనిషి, కాస్త నవ్వులాటల మనిషి. సముద్రాలన్నీ నల్లగా అచ్చవడానికి నా మెషీనులో సిరా అంతా పోతోందని రోజూ సణిగేవాడు, రోజూ అచ్చేసిచ్చేవాడు.

ఇలా సాగిపోతున్న రోజుల్లో స్కూల్లో పాటల మాస్టారు రిటైరయ్యాడు. ఆయన జాగాలోకి ఎవరూ రాలేదు. ఎప్పుడొస్తారో పైవాళ్ళు చెప్పలేదు. సంగీతం పాఠ్యాంశంగా తీసుకున్న పిల్లలు ఒక గదికి సరిపడా ఉన్నారు. రెండేళ్ళ చదువులో ఒక ఏడాది అయిపోయింది, వచ్చే ఏడు పబ్లిక్ పరీక్ష. హెడ్మాస్టరు టీచర్లందర్నీ కూర్చోబెట్టి, ఈ పిల్లల్ని వేరే పాఠ్యాంశంలోకి మార్చేస్తే ఎలా ఉంటుందని అడిగాడు. అడగడమంటే, మార్చేస్తున్నానని చెప్పడమే. టీచర్లందరూ నేల మీద టైల్సు చూడటం మొదలుపెట్టారు.

గ్లోబు టీచరుకి ఆ పిల్లల్లో ఒకమ్మాయి గుర్తొచ్చింది. భూగోళంలో చివరి బెంచీ. పేరు పిలిస్తే లేచి నిలబడటం తప్ప ఏనాడూ నోరు విప్పి జవాబు చెప్పలేదు. ఒకరోజు వరండాలో పోతూ సంగీతం గదిలోంచి ఒక గొంతు విని ఆగిపోతే, కిటికీలోంచి కనబడింది ఆ పిల్లే. ఆ ఒక్క గది తప్ప ఈ స్కూల్లో ఆ పిల్లకి ఇంకేమీ లేదు. దాన్నీ మూసేస్తే ఎలా అనిపించింది.

"నేను చెబుతాను సార్," అంది.

హెడ్మాస్టరు కళ్ళజోడు తీసి చూశాడు. "మీకు సంగీతం వచ్చా అమ్మా?"

"రాదండీ. వచ్చినవాళ్ళు ఎవరైనా చెయ్యెత్తితే నేను కూర్చుంటాను."

ఎవరూ ఎత్తలేదు.

ఆ సాయంత్రం ఈ మాట చెబితే భర్త నవ్వలేదు. మెషీను ఆపి, కుర్చీ లాక్కుని కూర్చుని, నిజమా అన్నాడు. ఆయన నవ్వకపోవడం చూసి ఆవిడకి భయమేసింది. అత్తగారికి మాత్రం హుషారొచ్చింది. ఆ పెద్దావిడ వంటింట్లో ఉన్నంతసేపూ ఏదో ఒకటి పాడుకునే మనిషి, ఈమధ్యే చెవులు మందగించాయి. "నువ్వు సంగీతం నేర్పుతావా అమ్మాయ్? సరిగ్గా సమయం చూసుకుని నాకు చెవుడొచ్చింది," అంది. ముగ్గురూ నవ్వుకున్నారు. ఆ నవ్వుల మధ్యే ఆవిడ ఆరో క్లాసులో జరిగింది మొదటిసారి పైకి చెప్పింది. భర్త నవ్వు ఆగిపోయింది. ఇన్నేళ్ళూ నాకు చెప్పలేదేమని అడిగాడు. చెప్పడానికి అదేమంత సంగతని ఆవిడ అంది.

మొదటి క్లాసులో ధైర్యం చేసి ఒక వరస పాడింది. పిల్లలు నవ్వు ఆపుకోలేక బల్లల కింద తలలు పెట్టుకున్నారు. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి గానీ తిట్టలేదు. ఇక పాడటం మానేసి తనకి చేతనైన దారి పట్టింది. కొండని నిలువునా కోస్తే అంచు ఎలా ఎగుడుదిగుడుగా కనబడుతుందో, పాటలో స్వరం ఎక్కే చోట ఎక్కుతూ, దిగే చోట దిగుతూ అలాంటి గీతలు గీసింది. వాటికి రంగులు వేసింది. తాళం దెబ్బలకి కింద చిన్న చెట్లు పెట్టింది. భర్త మంచి కాగితం మీద రంగుల్లో అచ్చేసిచ్చాడు. అంత అందమైన కాగితాలు ఆ స్కూల్లో అంతకు ముందెవరూ చూడలేదు. పిల్లలు ఎగబడి తీసుకున్నారు. నెల తిరిగేసరికి ఏ గీత ఏ పాటదో ఇట్టే చెప్పేసేవారు.

ఆవిడకి కొంచెం గర్వం కూడా వచ్చింది. అప్పుడు పాత పరీక్షలో వచ్చిన ఒక రికార్డింగు, పిల్లలు ఎప్పుడూ విననిది, క్లాసులో పెట్టింది. స్వరం ఎక్కడ ఎక్కింది, ఎక్కడ దిగింది, ఏ వాయిద్యం, తాళం ఎన్ని దెబ్బలు, అవి రాయాలి. చివరి బెంచీ పిల్లా, ఇంకో ఇద్దరూ తప్ప అందరివీ ఖాళీ కాగితాలు. గీత చూస్తే పాట చెప్పగలరు, పాట వింటే గీత గీయలేరు.

కాగితాల కట్ట పట్టుకుని పాటల మాస్టారింటికి వెళ్ళింది. ఆయన వరండాలో కూర్చుని కీబోర్డు దుమ్ము తుడుచుకుంటున్నాడు. కాగితాలన్నీ ఓపిగ్గా ఒక్కొక్కటే తిప్పి చూసి, చాలా బాగున్నాయని మెచ్చుకున్నాడు. ఆవిడ ఊపిరి పీల్చుకోబోయింది.

"బాగున్నాయి గానీ అమ్మా, ఇవి కళ్ళకి పెట్టారు. చెవులు ఖాళీగానే ఉన్నాయి," అన్నాడు. "నది పాఠానికి పిల్లల్ని మట్టిలోకి తీసుకెళ్తారని విన్నాను. పాటకొచ్చేసరికి కాగితం ముందు కూర్చోబెట్టారెందుకు?"

ఆవిడ కాగితాల కట్ట తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఎందుకంటే నాకు వినడం రాదు కాబట్టి అని చివరికి ఒప్పుకుంది. రాకపోతే నేర్చుకోండి, సాయంత్రాలు నాకు పనేముంది అన్నాడాయన.

అలా నలభై ఆరో ఏట ఆవిడ సరిగమల్లో మొదటి అక్షరం దగ్గర కూర్చుంది. మాస్టారు ఒక మీట నొక్కి పట్టేవాడు, ఆవిడ ఆ స్వరం మీద నిలబడాలి. అంతే పాఠం. నిలబడేది కాదు. జారిపోయేది, లేకపోతే కంగారుపడి పైకెక్కేది. ఆయన తిట్టేవాడు కాదు, పొగిడేవాడూ కాదు. మళ్ళీ నొక్కేవాడు. వారాలు గడిచాయి. ఒకరోజు పాడుతూ పాడుతూ ఆవిడ మధ్యలో ఆగి, ఇప్పుడు తప్పింది కదూ అంది. మాస్టారు కీబోర్డు మీంచి చెయ్యి తీసేసి తృప్తిగా వెనక్కి వాలాడు. "ఇన్నాళ్ళూ నేను చెబితే మీకు తెలిసేది. ఇవాళ మీకే తెలిసింది," అన్నాడు. ఇంటికొచ్చి, నేను తప్పు పాడుతున్నానని నాకు తెలిసిపోయిందండీ అని సంబరంగా చెబితే, ఆ ముక్క నేనెప్పుడో చెప్పేవాణ్ణి కదా అన్నాడు భర్త. ఈసారి అత్తగారు కొడుకుని కసిరింది.

క్లాసులో రంగు కాగితాలన్నీ బీరువాలో పెట్టేసింది. మూడుసార్లు వినేదాకా ఎవరూ పెన్ను ముట్టుకోకూడదని నియమం పెట్టింది. కిటికీలు తెరిపించి, కళ్ళు మూయించి, బయట వినబడే చప్పుళ్ళలో ఏది పైస్థాయి, ఏది కింది స్థాయి అని అడిగేది. మెట్ల మీద చెప్పుల చప్పుడు విని మనిషి ఎక్కుతున్నాడా దిగుతున్నాడా అని పందేలు వేయించేది. తాళాలు నేర్పడానికి ఆటస్థలంలో నడిపించేది. మూడు దెబ్బల తాళానికి నడిస్తే ప్రతిసారీ వేరే కాలు ముందు పడుతుందని పిల్లలే కనిపెట్టారు. తర్వాత వాళ్ళు చప్పట్లు మర్చిపోయినా కాళ్ళు మర్చిపోలేదు.

అన్నిటికంటే పనికొచ్చింది మాత్రం ఆవిడ గొంతే. ఒకరోజు ఒక వరస పాడి, నేనెక్కడ తప్పానో చెప్పండి అంది. పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. టీచరు తప్పని చెప్పడం ఎలా? చివరి బెంచీ పిల్ల లేచి నిలబడింది. ఈసారి నోరు కూడా విప్పింది.

"రెండో స్వరం కొంచెం కిందికి పడింది టీచర్. కొంచెం పైకి. ఇంకొంచెం. ఆగండి, అదే."

ఆ రోజుతో క్లాసు తీరే మారిపోయింది. ఆవిడ పాడటం, వాళ్ళు దిద్దడం. టీచర్ని దిద్దాలంటే ఒళ్ళంతా చెవులు చేసుకుని వినాలి కదా. మొదట్లో నిజంగా తప్పేది. పోనుపోను ఎక్కడ తప్పాలో ముందే అనుకుని తప్పేది. మధ్యలో అనుకోకుండా తప్పినవి కూడా ఉండేవి, అవీ అనుకునే తప్పానని దబాయించేది. పిల్లలకి ఏది ఏదో తెలిసిపోయేది.

రెండో వరసలో ఒక పొడుగాటి కుర్రాడు అందరూ కలిసి పాడేటప్పుడు నోరు బాగా తెరిచేవాడు, తల కూడా ఊపేవాడు. పాటల మాస్టారు కూడా పట్టుకోలేదేమో గానీ, ఆవిడ రెండు రోజుల్లో పట్టేసింది. క్లాసు అయ్యాక ఉండమని చెప్పి, నీ గొంతు రావడం లేదు కదా అని అడిగింది. కుర్రాడు తల దించుకున్నాడు. గొంతు మారుతోంది, ఇంట్లో అన్నయ్య కప్ప అరిచినట్టుందని వెక్కిరించాడట.

"నేను ముప్పై ఐదేళ్ళు అలా పెదాలు కదిపాను నాయనా. ఒక్కరూ పట్టుకోలేదు. పట్టుకుని ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తోంది," అంది. వాడు తలెత్తి చూశాడు. పైస్థాయి వద్దు, నీ గొంతు హాయిగా నిలబడే చోట కింది స్థాయిలో పాడమని చెప్పింది. ఎక్కడ నిలబడుతుందో ఆవిడకీ తెలియదు. ఆ సాయంత్రం తనతో పాటు మాస్టారి వరండాకి తీసుకెళ్ళింది. వారం తిరిగేసరికి అందరూ కలిసి పాడే పాటకి అడుగున ఒక కొత్త గొంతు వచ్చి చేరింది.

ఈలోగా అర్ధసంవత్సరం పరీక్షలయ్యాయి. భూగోళంలో పిల్లల మార్కులు దిగజారిపోయాయి. హెడ్మాస్టరు పిలిచి, రెండు పడవల మీద కాళ్ళు పెట్టారేమో చూసుకోమ్మా అని మెల్లగానే చెప్పాడు. ఆవిడకి తల తీసేసినట్టయింది. అన్నేళ్ళలో తన పాఠంలో ఇలా ఎప్పుడూ జరగలేదు. నిజమే, సాయంత్రాలన్నీ పాట ఎత్తుకుపోయింది, పునశ్చరణ కాగితాలు పాతవే తిప్పి ఇచ్చింది. భర్త షాపులో కూర్చుని, సంగీతం క్లాసు మానేస్తానండీ అంది. మానేస్తే నిన్నెవరూ ఏమీ అనరులే అన్నాడు భర్త. ఎవరూ ఏమీ అనరనే నాకు బాధ అని ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఆయన వెళ్ళి టీ తెచ్చిచ్చాడు.

మర్నాడు భూగోళం క్లాసులో దాచకుండా చెప్పేసింది. మీ మార్కులు పడిపోవడంలో నా తప్పుంది, ఇకనుంచి కాగితాలు మీరే తయారుచెయ్యాలి, నేను సరిచూస్తాను అంది. నలుగురు చొప్పున జట్లు కట్టించి పాఠాలు పంచింది. మొదట వచ్చినవి ఘోరంగా ఉన్నాయి. ఒక జట్టు నదిని సముద్రంలోంచి కొండ మీదికి ఎక్కించింది. వాటిని దిద్దకుండా అలాగే గోడకి అంటించి, ఎవరు ఎవరి తప్పు పట్టుకుంటారో చూద్దామంది. గోడ దగ్గర తోపులాట మొదలైంది. అప్పటిదాకా గంట కొట్టగానే పారిపోయేవాళ్ళు గంట కొట్టాక కూడా అక్కడే నిలబడి వాదించుకునేవారు.

సంగీతం పిల్లలకి మాత్రం కాగితంతో పునశ్చరణ కుదరదు. వాళ్ళ పాటలే వాళ్ళ చేత పాడించి ఫోన్లో రికార్డు చేసింది. ఒక ముక్క పాట, ఒక ప్రశ్న, ఆలోచించుకోవడానికి కాస్త ఖాళీ, తర్వాత జవాబు. ఇంట్లో ఫోను దొరకని పిల్లల కోసం భర్త షాపు ముందు బల్ల మీద ఒక స్పీకరు పెట్టాడు. సాయంత్రం పిల్లలు వచ్చి కూర్చుని వినేవారు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కూడా వినక తప్పేది కాదు. కొన్నాళ్ళకి వాళ్ళూ జవాబులు చెప్పడం మొదలుపెట్టారు. ఒక బస్సు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, నాలుగు దెబ్బలని గట్టిగా చెప్పి బండి కదిలించేవాడు. ప్రతిసారీ నాలుగే చెప్పేవాడు. ఎప్పుడో ఒకసారి ఒప్పయ్యేది.

పరీక్షలొచ్చాయి. పాడే పరీక్షకి బయటినుంచి ఒక పరీక్షాధికారిణి వచ్చింది. సన్నటి మనిషి, నవ్వు మొహం కాదు. పొడుగాటి కుర్రాడి గొంతు మధ్యలో ఒకచోట పగిలింది. వాడు ఆగలేదు, మళ్ళీ స్వరం పట్టుకుని చివరిదాకా పాడాడు. చివరి బెంచీ పిల్ల పాడుతున్నప్పుడు ఆ పరీక్షాధికారిణి పెన్ను పక్కన పెట్టేసి విన్నది. అన్నీ అయ్యాక ఈ పిల్లలకి నేర్పిందెవరని అడిగితే, హెడ్మాస్టరు కొంచెం మొహమాటంగా మా భూగోళం టీచరండీ అన్నాడు. ఆమె గ్లోబు టీచరు వైపు తిరిగి, మీరేం పాడతారని అడిగింది.

"నేను తప్పులు పాడతానండీ. వాళ్ళు దిద్దుతారు," అంది గ్లోబు టీచరు.

పరీక్షాధికారిణి అది వేళాకోళమో కాదో తెలియక కాసేపు చూసి, అప్పుడు నవ్వింది.

ఫలితాల్లో ఒక్క పిల్ల తప్ప అందరూ గట్టెక్కారు. ఆ పిల్ల విని రాసే పరీక్షలో తప్పింది. గ్లోబు టీచరు సెలవుల్లో ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, ఇద్దరూ కలిసి విని, రెండోసారికి పాసు చేయించింది. భూగోళం మార్కులు మళ్ళీ లేచాయి గానీ పాత ఎత్తుకి ఒక మెట్టు కిందే ఆగాయి. ఎవరైనా సంగీతం గురించి పొగిడితే ఆవిడ ఆ మెట్టు సంగతి కూడా కలిపి చెప్పేది.

మరుసటి ఏడు సంగీతానికి కొత్త మాస్టారొచ్చాడు. కుర్రవాడు, పెద్ద చదువు చదివినవాడు, గొంతు తేనె. ఆవిడ బీరువా తాళాలు, రికార్డింగులు అతనికి అప్పజెప్పింది. అతను రెండు రోజులు అన్నీ విని, మూడో రోజు స్టాఫు రూములో ఆవిడ దగ్గరికొచ్చి, టీచరుగారూ, నేను సరిగ్గా పాడుతుంటే పిల్లలకి ఏం చెయ్యాలో తోచడం లేదండీ అని గోడు వెళ్ళబోసుకున్నాడు. అప్పుడప్పుడూ తప్పడం నేర్చుకోండి బాబూ, కష్టమే గానీ వస్తుంది అని చెప్పింది.

సాయంత్రాలు ఖాళీ అయ్యాయి. అయినా పాటల మాస్టారి వరండాకి వెళ్ళడం మాత్రం మానలేదు. ఇప్పుడు క్లాసు లేదు, పిల్లలు లేరు, ఇంకా ఎందుకమ్మా ఈ అవస్థ అని ఆయన అడిగాడు. అప్పుడంటే పిల్లల కోసం, ఇప్పుడు నాకోసం మాస్టారూ అంది ఆవిడ. ఆయన మీట నొక్కాడు.

ఇంకో రెండేళ్ళకి ఆవిడ గాత్రంలో తొలి మెట్టు పరీక్షకి కూర్చుంది. గదిలో మిగతావాళ్ళంతా పదేళ్ళ పిల్లలు. కుర్చీలు ఆ పిల్లల సైజులో ఉండటంతో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చోవాల్సి వచ్చింది. వంతు రాగానే లేచి నిలబడి, చీర సర్దుకుని, గొంతెత్తి పాడింది. ఫలితం వచ్చాక మార్కులెన్నో ఎవరికీ చెప్పలేదు. పాసైన సంగతి మాత్రం షాపుకొచ్చి కూర్చున్న అత్తగారి చెవిలో గట్టిగా, బస్టాపులో వాళ్ళందరికీ వినబడేలా చెప్పింది.